పెదవులు కలవని మాట

ముందుగా ప్రమాణం. కింద రాసినదంతా అక్షరం పొల్లుపోని నిజం. చిక్కడపల్లిలో నన్ను ఎరిగినవాళ్లు, నేను గొంతు సవరించుకోగానే, "ఇందుల ఎంత తీసెయ్యాలె సారూ?" అని అడుగుతారు. ఈసారి తీసేయాల్సింది ఏమీ లేదు. మా అమ్మ మీద ఒట్టు, నా పెన్షన్ మీద ఒట్టు. ప్రైవేటు ఉద్యోగం కాబట్టి పెన్షన్ లేదన్నది వేరే సంగతి.

రెండేళ్ల కిందట, బోనాల నెలలో ఒక సోమవారం పొద్దున, "ఒంటెపిల్ల" అనే బొమ్మల సినిమా రెండో భాగానికి తెలుగు డబ్బింగ్ ఇన్‌చార్జిగా నన్ను వేస్తూ ముంబైలోని హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇరవై నాలుగేళ్ల ఉద్యోగంలో అదే నా చివరి పని. అది ముగిశాక మా రికార్డింగ్ థియేటర్ మూసేశారు, నేను స్వచ్ఛందంగా విరమించుకున్నాను. మూసేసిన చోటి నుంచి విరమించుకోవడంలో స్వచ్ఛందం ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

థియేటర్ అంటే పెద్ద హాలు అనుకోకండి. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వెళ్లే సందులో, జిరాక్స్ షాపు పైన, రెండో అంతస్తులో రెండు గదులు, మధ్యలో అద్దం. ఒక గదిలో మైకు, తెర; రెండో దాంట్లో మిషన్లు, సౌండ్ ఇంజినీరు యాదగిరి, నేను. ఇన్‌చార్జి అంటే మాటలు రాసేవాడు, రాసినవి పలికించేవాడు, పలికింది నచ్చకపోతే తిట్లు తినేవాడు. యాదగిరి హోదాలో నాకంటే ఒక మెట్టు కింద, మాటలో నాలుగు మెట్లు పైన. గొంతుల్లో మూడు తరగతులుండేవి. ముఖ్యపాత్రలకు ఏ గ్రేడు, నాలుగైదు మాటలున్న పాత్రలకు బి గ్రేడు, సంతలోనో జాతరలోనో గోల చేయడానికి క్రౌడ్. క్రౌడ్‌లోంచి ఏ గ్రేడుకు ఎదిగినవాళ్లు నా సర్వీసులో ఎవరూ లేరు.

బొమ్మల సినిమాకు మాటలు రాయడమంటే పెదవులకు రాయడం. ప, బ, మ పలికితే మనిషి పెదవులు కలుస్తాయి. తెర మీద జంతువు పెదవులు కలిసినచోట నా వాక్యంలో ఆ అక్షరాల్లో ఒకటి ఉండి తీరాలి, నోరు తెరుచుకున్నచోట ఉండకూడదు. దీన్నే సింక్ అంటాం. అర్థం ఎక్కడైనా సర్దుకుంటుంది, సింక్ సర్దుకోదు. సినిమాను అరనిమిషం ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ లూప్ అని పిలుస్తాం. లూప్ మొదలయ్యే ముందు గొంతు ఇచ్చేవాళ్ల చెవిలో మూడు బీప్‌లు వినిపిస్తాయి. మూడోదాని తర్వాత నోరు తెరవాలి.

మొదటి "ఒంటెపిల్ల" దానికి ఇరవై రెండేళ్ల ముందు వచ్చింది. విదేశంలో ఎవరో మహానుభావులు చేత్తో ఒక్కో బొమ్మా గీసి తీసిన సినిమా. ఎడారిలో ఒంటెల బిడారు వెళ్తుంటుంది. ఒక పిల్ల ఒంటె వెనకబడిపోతుంది, ఆగమని అరుస్తూ పరిగెడుతుంది. కథ అంతే. అరిచే ఆ ఒక్క మాట దగ్గరే నేను నాలుగు రోజులు ఇరుక్కున్నాను. ఒంటెపిల్ల నోరు కొంచెం తెరుచుకుని, తర్వాత బాగా తెరుచుకుని, అలాగే సాగుతుంది. పెదవులు ఎక్కడా కలవవు. "ఆగండి" అని రాస్తే మాట అయిపోయినా నోరు ఇంకా తెరిచే ఉంది. "నన్ను విడిచి వెళ్లకండి" అని రాస్తే నోరు మూసుకున్నాక కూడా మాట నడుస్తోంది.

పైగా ఒంటెపిల్లకు గొంతు ఇవ్వాల్సిన ఏ గ్రేడు కళాకారిణికి ఒక్కరోజు రికార్డింగ్ కాగానే గొంతు పట్టేసింది. సినిమా పంపడానికి వారం కూడా లేదు. సంత సీనులో గోలకని వచ్చిన క్రౌడ్‌లో సత్తెమ్మ అనే ఆమె ఉండేది. అడిక్‌మెట్‌లో ఇల్లు, నారాయణగూడలో చీరలకు ఫాల్, పికో కుట్టే చిన్న షాపు. అప్పటికి నలభైకి దగ్గర్లో ఉన్నా, పక్కవాళ్లను నవ్వించడానికి ఐదేళ్ల పిల్లలా మాట్లాడేది. వేరే దారి లేక ఆమెను మైకు ముందు నిలబెట్టాను.

బీప్‌లు అయ్యాయి. లూప్ నడిచింది. సత్తెమ్మ చేతిలో కాగితాల వరస తప్పింది, ఆ పేజీ దొరకలేదు. అద్దంలోంచి మా వైపు చూస్తూ, బెదిరిపోయి, "జర ఆగుండ్రీ…" అంది. మిషన్ ఆపమని యాదగిరికి చెప్పింది, పాపం.

నేను ఆపబోయాను. యాదగిరి నా చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, పెదాలు సూడుండ్రి."

వెనక్కి తిప్పి చూశాం. జర, కొంచెం నోరు. ఆ, బాగా నోరు. గుండ్రీ, సాగడం. ఒక్క అక్షరం దగ్గర కూడా పెదవులు కలవని మాట. నాలుగు రోజులు నిఘంటువు తిరగేసిన నాకు దొరకనిది పేజీ దొరకని మనిషికి దొరికింది. సత్తెమ్మ గదిలోంచి బయటికి వచ్చి, "తప్పయింది సారూ, మల్ల చెప్త" అని బతిమాలింది. మళ్లీ చెప్పనివ్వలేదు.

మిగతా ఒంటెపిల్ల మాటలన్నీ ఆమే చెప్పింది. కానీ తెర మీద పేరు మాత్రం గొంతు పట్టేసిన ఆవిడదే పడింది. టైటిల్ కార్డులు ముందే తయారై ముంబై వెళ్లిపోయాయి, మార్చడానికి వీల్లేకపోయింది.

సినిమా విడుదలైన వేసవిలో ఆ మాట ఊరిమీద పడింది. నారాయణగూడ చౌరస్తాలో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్, విజిల్ ఎక్కడో పోగొట్టుకుని, ఒంటెపిల్ల గొంతుతో "జర ఆగుండ్రీ" అన్నాడు. నాలుగు వైపులా బండ్లు ఆగిపోయాయి. నేను కళ్లారా చూశాను. ఐదో వైపు కూడా ఆగిందని యాదగిరి అంటాడు గానీ, అతను కొంచెం పెంచి చెప్పే మనిషి. గాంధీనగర్‌లో ఒక పెళ్లిలో ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు తొందరపెడితే, పెళ్లికూతురే లోపలి గదిలోంచి ఆ మాట అంది. జడ ఇంకా సగంలోనే ఉందట. పురోహితుడు నవ్వి కూర్చున్నాడు, ముహూర్తం కూడా కూర్చుంది.

ఇప్పుడు మళ్లీ ఉత్తర్వు దగ్గరికి. పాత ఒంటెపిల్ల రెండో భాగంలో పెద్దదై, బిడారుకు ముందు నడుస్తుంది. దానికో కూతురు. హెడ్డాఫీసు సూచనలు స్పష్టంగా ఉన్నాయి: జనానికి గుర్తున్నది "జర ఆగుండ్రి" కాబట్టి రెండో భాగంలో అది పదిహేడు చోట్ల రావాలి. దాన్ని కొత్తగా పలికించనక్కర్లేదు, పాత ట్రాక్‌లోంచి కత్తిరించి అతికించాలి. కూతురి మిగతా మాటలకు ముంబైలో ఒక పాపను చూశారు. పెద్ద ఒంటెకు ఒక టీవీ యాంకర్. చివర పేర్ల పట్టిక. సత్తెమ్మ గొంతు పదిహేడుసార్లు వినబడుతుంది, పేరు ఒక్కసారి కూడా కనబడదు.

రెండో భాగం మొదటిదానికి సాటి వస్తుందా అన్న ప్రశ్న అప్పటిదాకా నాకు పట్టలేదు. ఆ సాయంత్రం అశోక్‌నగర్‌లో టీ తాగుతూ పక్కన ఉన్న ఇద్దరు అబ్బాయిలను అడిగాను. గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ హాస్టళ్లలో ఉండేవాళ్లు. చిన్నప్పుడు ఆ సినిమా టీవీలో చూసినవాళ్లే. ఒకడు నల్ల చొక్కా, ఒకడు కళ్లజోడు.

"పార్ట్ టూ వస్తుందా అన్నా? వద్దని చెప్పుండ్రి. ఖరాబ్ చేస్తరు," అన్నాడు నల్ల చొక్కా.

"ఎందుకు ఖరాబైతది రా? ఒంటె పెద్దగైతది. మనం కాలేదా?"

"మనం ఏడ పెద్దగైనం? ఇంకా నోటిఫికేషన్ కోసమే సూస్తున్నం."

"గది మన కిస్మత్. ఒంటెకేం పాపం?"

"అరే, మొదటి దాంట్ల దానికి ఎవ్వలు లేరు. గందుకే ఏడ్చినం. ఇప్పుడు దానికి బిడ్డ, బలగం. మనమెందుకు ఏడుస్తం?"

కళ్లజోడు "మల్ల బిడ్డ ఎనకవడితే?" అన్నాడు. నల్ల చొక్కా టీ గ్లాసు కింద పెట్టి, "అట్లయితే సూస్త. కానీ ఫస్ట్ డే పోను," అన్నాడు.

మర్నాడు నారాయణగూడలో సత్తెమ్మ షాపుకు వెళ్లాను. అరవై దాటింది. కళ్లద్దాలు ముక్కు మీద, కాలు మిషన్ మీద. సంగతి చెప్పాను. మిషన్ ఆపలేదు.

"పైసల సంగతి తరువాత. పేరు ఏస్తరా సారూ?"

"చూడాలి."

"చూడాలంటే ఏయరన్నట్టు. మా మనమరాలికి చెప్తే నమ్ముతలేదు. 'నువ్వు ఒంటెవైతే నేను నెమలిని' అంటున్నది. స్కూల్ల కూడా చెప్పుకున్నదట, 'మా నానమ్మ అబద్ధాలు చెప్తది' అని."

అప్పుడు మిషన్ ఆపింది. "గొంతు ముసలిదైంది. పిల్లలెక్క రాదు. నాకు ఎర్కే. కానీ ఒక్కపారి పిలువుండ్రి."

పద్ధతి ప్రకారం, కొత్త గొంతును ముఖ్యపాత్రకు తీసుకోవాలంటే వాయిస్ టెస్ట్ జరగాలి, సినిమా కంపెనీ తరఫు సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి. ఆ సూపర్‌వైజర్ దీప మేడం. ముంబై మనిషి, పనిలో గట్టిది, తెలుగు రాదు. గురువారం ఒక్కరోజుకు వస్తున్నారు. టీవీ యాంకర్‌కు పొద్దున పది గంటల సమయం కేటాయించాను. పన్నెండుకు "ఇంకో అభ్యర్థి" అని రాసి, పేరు రాయకుండా వదిలాను. అంతవరకు నా అధికారంలో ఉంది.

యాంకర్ బాగానే చెప్పింది. ఒంటె మనల్ని ఏదో పండుగ ఆఫర్‌కు పిలుస్తున్నట్టు వినిపించింది, అంతే. మేడంకు నచ్చింది.

పన్నెండుకు సత్తెమ్మ ఇస్త్రీ చీరతో వచ్చింది. టెస్ట్‌కు ఇచ్చిన సీను ఇది: ఇసుక తుఫాను వస్తోంది, బిడారు తొందరగా నడుస్తోంది, కూతురు ఒంటె వెనక ఎక్కడో ఏడుస్తోంది, ముందున్న తల్లి ఒంటె ఆగి, మిగతావి తనను దాటిపోతుంటే వెనక్కి తిరుగుతుంది. సింక్ ఇంకా చూసుకోకుండా నేను చిత్తుగా రాసిన మాట: "భయపడకు తల్లీ, నేనున్నాను." సత్తెమ్మ దాన్ని రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్‌లా చదివింది. రెండో టేకు ఇంకా బిగుసుకుపోయింది. మేడం గడియారం చూసుకున్నారు. ఆమె విమానం సాయంత్రం ఉంది.

అప్పుడు నాకో తెలివి పుట్టింది. బీప్‌లు లేకుండా లూప్ నడిపించమని యాదగిరికి సైగ చేశాను. పాతరోజు లాగే బెదిరిపోయి నిజంగా అరుస్తుందని. లూప్ నడిచింది. సత్తెమ్మ చేతులు కట్టుకుని, అద్దంలోంచి నన్నే చూస్తూ నిలబడింది.

"బీపులేవి యాదగిరీ? గప్పుడంటే దొరికిన. మల్ల మల్ల దొరుకుతనా సారూ?"

యాదగిరి కన్సోల్ మీద తల ఆనించి నవ్వాడు. నాకు సిగ్గేసింది. మేడం ఏమిటని అడిగితే సాంకేతిక లోపం అన్నాను. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, లోపం ఉన్నది నాలో.

సత్తెమ్మ మైకు దగ్గర నుంచే, "ఒక్కపారి మాటల్లేకుండ బొమ్మ చూపియ్యుండ్రి," అంది. చూపించాం. "ఇంకోపారి." మళ్లీ చూపించాం. తర్వాత అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగింది.

"ఈమె గా పాత పిల్లనే కదా?"

అవునన్నాను.

"గప్పుడు ఈమె ఎంత మొత్తుకున్నా ముందటోళ్లు ఎవ్వలన్న ఆగిన్రా? ఆగలే. ఉరికి ఉరికి తనే అందుకున్నది. గసొంటామె బిడ్డకు 'భయపడకు' అని చెప్తదా సారూ? నేనైతే బిడ్డకు ఏం చెప్ప. ముందటోళ్లకు చెప్త."

నేను కలం తీశాను. సింక్ షీటు చూశాను. తల్లి ఒంటె నోరు తెరిచి, కాసేపు సాగి, ఆగి, పెదవులు కలిపి, మళ్లీ తెరుస్తుంది. రాయడానికి నాకు సమయం ఇవ్వలేదు. బీప్‌లు వేయమంది. మూడో బీప్ తర్వాత, అరవకుండా, గొంతు పెంచకుండా, షాపులో తొందరపెట్టే గిరాకీతో మాట్లాడినట్టు చెప్పింది.

"జర ఆగుండ్రి. పోరి వస్తున్నది."

'పో' దగ్గర ఒంటె పెదవులు కలిశాయి. మేడం హిందీలో యాదగిరిని అర్థం అడిగారు. పోరి అంటే బిడ్డ అని యాదగిరి చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి, మిగతాది నన్ను చెప్పమన్నాడు.

మేడం ఇంకో టేకు అడగలేదు. ఫారం తీసి, పెద్ద ఒంటె ఎదురుగా ఉన్న గడిలో సంతకం చేశారు. యాంకర్‌కు తానే ఫోన్ చేస్తానన్నారు.

ఇక మిగిలింది అతుకుల సంగతి. పదిహేడింట్లో ఒకదాని చోటు ఈ మాట తీసుకుంది, మిగతావి పదహారు. అవి ఉంటే ఈ ఒక్కటి చచ్చిపోతుంది. పదహారుసార్లు సరదాకి విన్న మాట పదిహేడోసారి ఎవరికి తగులుతుంది? కానీ అది హెడ్డాఫీసు ఆదేశం, దాన్ని కాదనే హోదా నాకు లేదు. సింక్ కుదరదని చెప్పే హోదా మాత్రం ఉంది. భోజనం తర్వాత మేడంను తెర ముందు కూర్చోబెట్టి, పెదవుల సూత్రం వివరించి, ఆ పదహారు చోట్లా ఒక్కొక్కటిగా బొమ్మ ఆపి చూపించాను. "చూడండి మేడం, ఇక్కడ పెదవులు కలిశాయి. ఈ మాటలో పెదవులు కలిసే అక్షరమే లేదు. అతికించలేం." పదహారు చోట్లా కలిశాయి. ఆమె ఆశ్చర్యపోయి పదహారింటికీ కొట్టివేత గుర్తు పెట్టారు.

ఈ వృత్తిలోకి రాదలచినవాళ్ల కోసం కిటుకు చెబుతున్నాను: ఒంటె నెమరువేసే జంతువు. దాని నోరు ఊరికే ఉండదు. సరైన క్షణంలో ఆపడం చేతనైతే, ఏ సీనులోనైనా దాని పెదవులు కలిసే ఉంటాయి. ఆపే చెయ్యి యాదగిరిది.

పేర్ల పట్టిక నింపేటప్పుడు సత్తెమ్మను అసలు పేరు అడిగాను. ఆధార్ కార్డులో సత్యవతి అని ఉంది. "సత్తెమ్మనే రాయుండ్రి. సత్యవతి ఎవరో నాకే ఎర్క లేదు," అంది. అలాగే రాసి, మేడం సంతకం తీసుకుని, ఆ సాయంత్రమే పంపించాను.

సినిమా వచ్చాక మొదటి ఆదివారం సత్తెమ్మ, ఆమె మనవరాలు, యాదగిరి, నేను కలిసి వెళ్లాం. తుఫాను సీను దగ్గర హాల్లో పాప్‌కార్న్ నమిలే చప్పుడు ఆగింది. మిగతా సినిమా పర్వాలేదు. బొమ్మలు మెరుస్తున్నాయి, ఇసుక ప్రతి రేణువూ కనిపిస్తోంది, పాటలు ఒకటి ఎక్కువ. చివర పేర్లు రావడం మొదలుకాగానే జనం లేచి నిలబడ్డారు. ముందు వరసలో ఒక ఆరడుగుల మనిషి చొక్కా సర్దుకుంటూ తెరకు అడ్డం నిలిచాడు. సత్తెమ్మ పక్కకు వంగింది.

"కనిపించిందా?" అని అడిగాను.

"'స' కనవడలే. 'త్తెమ్మ' కనవడ్డది. సాలు."

మనవరాలు మాత్రం సీటు మీద నిలబడి మొత్తం చదివింది. "నానమ్మా, నువ్వు నిజంగనే ఒంటెవా?" అని గట్టిగా అరిచింది. చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూశారు. ఆరడుగుల మనిషి కూడా.

ఆటో ఎక్కబోతూ సత్తెమ్మ నాతో అంది: "మొదటి సినిమాకు కూడా గిట్లనే ఉంటుండె కదా సారూ, గా కార్డులు ముందే పోకపోతే?" అవునన్నాను.

ఈ పని నాకు నేర్పింది చెబుతాను. రెండో "ఒంటెపిల్ల" మొదటిదానికి సాటి రాలేదు. ఒక్క సీను వచ్చింది. మొదటి సినిమాలో జనం ప్రేమించినవాటిలో సగం, తీసినవాళ్లకు తెలియకుండా జరిగినవి. వాటిని ఏరి, మళ్లీ మళ్లీ పెట్టినచోట రెండో భాగం ఓడిపోతుంది. పాత్రకు వయసు వచ్చిందని ఒప్పుకుని, ఈ వయసులో ఏమంటుందో ఆ వయసు మనిషిని అడిగినచోట నిలబడుతుంది. అడిగే తీరిక చాలా సినిమాలకు ఉండదు. మాకు దొరకడానికి కారణం మేడం విమానం సాయంత్రానికి ఉండటం.

ఇక, ఇందులో నేను కల్పించినది. మీరు కానిస్టేబుల్ అనుకుంటారు. అతను నిజం. పెళ్లికూతురూ నిజమే, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఒంటె నెమరు కూడా నిజం. కల్పించింది ఒక్కటే: మొదటి సినిమా టైటిల్ కార్డులు ముందే ముంబై వెళ్లిపోయాయన్నది. వెళ్లలేదు. పేర్ల పట్టిక మూడు రోజులు నా సొరుగులోనే ఉంది, దిద్దడానికి ఎర్రకలం కూడా పక్కనే ఉంది. పేరు కొట్టేస్తే ఏ గ్రేడు ఆవిడకు కోపం వస్తుందని, ఆవిడ మళ్లీ మా మెట్లెక్కకపోతే నా ఉద్యోగానికి ముప్పని భయపడి, ఉన్నదున్నట్టు పంపేశాను. అప్పటికి నేను చేరి రెండేళ్లు. ఆ అబద్ధం సత్తెమ్మకు ఇరవై నాలుగేళ్లుగా చెబుతున్నాను, పైన మీకూ చెప్పాను. ఇది అచ్చయ్యాక మొదటి ప్రతి పట్టుకుని నారాయణగూడ వెళ్తాను. ఆమె చదవడం అయ్యేదాకా షాపులో స్టూలు మీద కూర్చుంటాను.